ఏటి వైపు తిరిగే కెమెరా

మా పెదనాన్న పోయారు. మీలో కొందరు రేడియోలో వినే ఉంటారు. గోదావరి అందాలను తెరకెక్కించిన సీనియర్ దర్శకుడు కొవ్వూరులోని తన ఇంట్లో కన్నుమూశారని ప్రాంతీయ వార్తల చివర్లో చదివారు. అప్పటికి మగవాళ్ళు దహనం ముగించి రేవు నుంచి తిరిగొచ్చి వసారాలో కూర్చున్నారు. పక్కింటి రేడియోలోంచి ఆ మాట వినపడగానే మా పెద్దమ్మ, "అందాలేంటి, ఆయన తీసిందంతా ఏడుపులైతేను!" అని లోపలికి వెళ్ళిపోయింది.

ఆ మాట నిజమే. పెదనాన్న ప్రతి సినిమాలోనూ ఎవరో ఒకరు ఏడుస్తారు. ఏడుపు మొదలవగానే కెమెరా ఆ ముఖాన్ని వదిలేసి మెల్లగా ఏటి వైపు తిరుగుతుంది. పొద్దుటి మంచు, జనాన్ని అవతలి ఒడ్డుకు దాటించే పంటు, పైన బోలెడంత ఆకాశం. ఏడుపు వినిపిస్తూనే ఉంటుంది, మనిషి మాత్రం కనిపించదు. మొదటి సినిమాకి జనం చేతిరుమాళ్ళు తడుపుకున్నారు. నాలుగోది వచ్చేసరికి మా ఇంట్లోనే ఎగతాళి మొదలైంది. "ఈసారి హీరోయిన్ ఎంతసేపు ఏడుస్తుంది పెదనాన్నా? గట్టు మీద ఇసుక బస్తాలు వేయించమంటారా?" అని అడిగితే నవ్వేవారు. నేను ఆయన తమ్ముడి కూతురిని. ఆ ఇంట్లోనే పెరిగాను కనుక అంత చనువు.

ఇంట్లోనూ ఆయన అంతే. నేను ఇంటర్ తప్పినప్పుడు మేడ వరండాలో కూర్చుని వెక్కుతుంటే, భుజం మీది తువ్వాలు నా ఒళ్ళో పడేసి అటు తిరిగి నిలబడ్డారు. నా ఏడుపు అయ్యేదాకా ఏటినే చూశారు. "ఏడ్చేవాళ్ళని కళ్ళప్పగించి చూడకూడదమ్మా. పక్కన ఉండాలి, అంతే" అన్నారు తర్వాత. మిగతా విషయాల్లో మాత్రం మహా చాదస్తం. కాస్త చల్లారిన కాఫీ ముట్టుకునేవారు కాదు. హీరో రంగు వేసుకుని సిద్ధంగా ఉన్నా సరే, "మంచు విడిపోయిందయ్యా, ఇంక భోజనాలు పెట్టించండి" అని షూటింగ్ ఆపేసేవారు. నిర్మాతలు తల పట్టుకునేవారు.

ఐదో సినిమా విడుదలైనప్పుడు మా ఊరి హాలుకి ఇంటిల్లిపాదీ వెళ్ళాం. ఆయన మీద గౌరవం కొద్దీ హాలువాళ్ళు అంతకుముందు వారం ఆయన రెండో సినిమాను మళ్ళీ ఆడించారు. ఆ రీళ్ళ డబ్బాలు ఇంకా ఆపరేటరు గదిలోనే ఉన్నాయి. ఇంటర్వెల్ తర్వాత కథానాయిక తండ్రి శవం మీద పడి ఏడ్చింది. కెమెరా ఏటి వైపు తిరిగింది. అక్కడితో రీలు అయిపోయింది. ఆపరేటరు పొరపాటున పాత సినిమా రీలు ఎక్కించాడు. అదీ ఏటి మీదే మొదలైంది. అదే మంచు, అదే పంటు. పంటు దిగి వచ్చింది కూడా ఆ నటే, కట్టుకున్నదీ తెల్లచీరే. హాల్లో ఎవరూ కిక్కురుమనలేదు. అందరం బుద్ధిగా చూస్తూ కూర్చున్నాం. కాసేపటికి ఆమె వెనకాలే తండ్రి వేషం వేసిన నటుడు గొడుగు వేసుకుని చక్కగా నడిచొచ్చాడు. అప్పుడు ఒకాయన బెంచీ మీంచి లేచి, "ఇదేంటండీ! ఈయన ఇందాకే పోయారు కదండీ!" అని అరిచాడు. హాలంతా గొల్లున నవ్వింది. నేనూ నవ్వాను.

హాలు యజమాని చేతులు నలుపుకుంటూ వచ్చాడు. "క్షమించాలండీ. మావాడు చూసుకోలేదండి."

"మీవాడిని ఏమీ అనకండి. ఇంతమంది చూస్తూ కూర్చున్నా పోల్చుకోలేదు, పాపం అతనొక్కడూ ఏం చేస్తాడు?" అన్నారు పెదనాన్న.

ఇంటికి వస్తూ రిక్షాలో, "నీకైనా తెలిసిందా?" అని పెద్దమ్మను అడిగారు.

"చీర అంచు చూడగానే తెలిసిందండి."

"మరి చెప్పలేదేం?"

"మీరు బాధపడతారని."

ఆరో సినిమాలో ఏరు లేదు, మంచు లేదు. అంతా మద్రాసు స్టూడియోలోనే తీశారు. కథానాయిక ఏడ్చినప్పుడు కెమెరా ఆమె ముఖానికి ఎంత దగ్గరగా వెళ్ళిందంటే, కన్నీటితో పాటు కాటుక కరగడం కూడా కనిపించింది. పెద్దమ్మ ఆ సినిమా చూసొచ్చి, "కొత్తగానే ఉందండి. నాకు మాత్రం చూడబుద్ధి కాలేదు" అంది. జనానికీ కాలేదు. నిన్నటిదాకా "మళ్ళీ అదేనా" అన్నవాళ్ళే దారిలో ఆపి, "ఏరు లేదేంటండీ ఇందులో?" అని అడిగారు. నాకు ఒళ్ళు మండిపోయింది. కానీ జనాన్ని తిట్టి ఏం లాభం, నేనూ ఆ బెంచీల్లో కూర్చున్నదాన్నే.

ఆ తర్వాత ఆయనకి ఎవరూ సినిమా ఇవ్వలేదు. ఇంక కొవ్వూరులోనే ఉండిపోయారు. మద్రాసు నుంచి ఫోనేమైనా వచ్చిందేమోనని ఎదురుగా ఉన్న బట్టల కొట్టుకి వెళ్ళి ఊరికే పలకరించి వచ్చేవారు. పోయేలోపు ఇంకొక్క సినిమా తీయాలన్నది ఆయన కోరిక. ఆయన కంటే ఎక్కువగా పెద్దమ్మ కోరిక.

పోయినేడాది భీమవరం నుంచి ఒక కుర్ర నిర్మాత కారు వేసుకుని వచ్చాడు. "మీ పాత స్టైల్లోనే కావాలండి. ఆ ఏరు, ఆ మంచు, ఆ తెల్లచీర. ఏదీ మార్చొద్దండి" అన్నాడు.

"ఎవరు ఏడుస్తారు? ఎందుకు?" అని అడిగారు పెదనాన్న.

"ఎవరో ఒకరు ఏడుస్తార్లెండి. కథ తర్వాత చూసుకుందాం."

పెదనాన్న అతనికి కాఫీ ఇప్పించి, కారు దాకా వెళ్ళి మర్యాదగా సాగనంపి, తీయనని చెప్పి వచ్చారు. ఎందుకు వద్దన్నారని నేను నిలదీశాను.

"మొదటి సినిమాలో ఆ పిల్ల ఏడుస్తుంటే చూడలేక కెమెరా పక్కకి తిప్పించానమ్మా. రానురాను ఏరు బాగుంటుంది కదా అని ఆ పిల్లని ఏడిపించాను. హాల్లో రీలు మారిన రోజున తెలిసొచ్చింది" అన్నారు.

పత్రికలవాళ్ళు దాన్ని శైలి అన్నారు. గిట్టనివాళ్ళు అరిగిపోయిన రికార్డన్నారు. రెండూ నిజమే అనిపిస్తుంది నాకు. ఆయన చెప్పినంత నిజం మాత్రం ఇద్దరిలో ఎవరూ చెప్పలేదు. ఆయన లేని ఆ వరండాలోకి వెళ్ళడానికి నాకింకా కాళ్ళు రావడం లేదు.

ఆ రోజు కారు వెళ్ళిపోయాక పెద్దమ్మ వంటింట్లో పొయ్యి ముందు కూర్చుని ఏడ్చింది. ఇంక సినిమా లేదని ఆమెకి అర్థమైపోయింది. పెదనాన్న వచ్చి గుమ్మంలో నిలబడ్డారు. తువ్వాలు ఇచ్చి అటు తిరుగుతారనుకున్నాను. ఆయన పీట లాక్కుని ఆమెకి ఎదురుగా కూర్చున్నారు.

"నన్నలా చూడకండి. అటు తిరగండి" అంది పెద్దమ్మ.

"ఇన్నేళ్ళూ తిరిగాను కదే" అన్నారు.

ఎసరు పొంగి పొయ్యిలో పడుతోంది. ఆమె లేవబోతే చెయ్యి పట్టుకుని కూర్చోబెట్టారు. ఏడుపు ఆగేదాకా ఆ తడి ముఖాన్నే చూస్తూ ఉండిపోయారు.