జబ్బు రాని ఎలుక

మా మనవరాలు పరవాడలో ఒక మందుల కంపెనీలో, ఎలుకల గదిలో పనిచేస్తుంది. అక్కడివన్నీ తెల్ల ఎలుకలు. పుట్టకముందే వాటి లోపల ఏదో మార్చి, మనుషులకొచ్చే క్యాన్సర్ వాటికీ వచ్చేలా చేస్తారట. తరవాత మందు ఇచ్చి చూస్తారు. నేను మూడో తరగతితో బడి మానేసి హార్బర్లో చేపలమ్మిన దాన్ని. అంతకుమించి నాకు తెలియలేదు. మా అమ్మాయికి, అంటే దాని తల్లికి, అదే జబ్బు. ఆసుపత్రిలో ఎక్కించే మందు కూడా ఇలాంటి గది దాటే వచ్చి ఉంటుందని మనవరాలే చెప్పింది. తప్పా ఒప్పా అని నేను ఆలోచించలేదు. మందు కావాలి, అంతే.

ఒక రోజు పిల్ల కంచం ముందు కూర్చుని అన్నం కలపడం లేదు.

"ఏటే, తినవేటి?"

"ఇయ్యేల పదకొండు ఎలక పిల్లల్ని తీసేసేం అమ్మమ్మా. వాటికి జబ్బు రాదు."

"రాకపోతే మంచిదే కదే?"

"రాకపోతే పనికిరావు. తోక కొన కోసి పరీక్ష సేత్తాం. ఆ మార్పు అన్నిటికీ రాదు, రానోటిని ఉంచరు."

నాకు ఒళ్ళు మండింది. మా పనిలో తలకాయ పులుసుకి, పేగులు పిల్లులకి. అమ్ముడుపోనిదాన్ని ఉప్పు రాసి ఎండబెడతాం. పారేయడమన్నది లేదు.

"బాగున్నదాన్ని సంపి పారేత్తారేటి? పారేసేదేదో ఇంటికి తెచ్చీయ్" అన్నాను. మాటవరసకే అన్నాను.

వారం తిరక్కుండానే ఒక సాయంత్రం బస్సు దిగొచ్చి, టిఫిన్ డబ్బా నా ముందు పెట్టింది. మూతకి సన్న చిల్లులు. లోపల తెల్ల ఎలుక ముక్కు కదుపుతోంది.

"నువ్వే కదా తెమ్మన్నావ్."

"రేపు తీసుకెళ్ళిపో."

"బయటికొచ్చినదాన్ని లోపలికి రానివ్వరు. తెలిస్తే నా ఉద్యోగం పోద్ది."

"అయితే హార్బర్ కాడ ఒగ్గేత్తాను."

"ఒగ్గకూడదు. ఒగ్గినా బతకదు. ఎతుక్కుని తినడం దానికి తెల్దు."

ఇంట్లో ఉంచడానికి లేదు. మందు ఎక్కించినప్పటినుంచి మా అమ్మాయికి ఏ అంటు తగిలినా ప్రమాదమని డాక్టరమ్మ చెప్పింది. పెంచుకున్న పిల్లిని కూడా పక్కింటికి ఇచ్చేశాం. అమ్మాయి లోపలి గదిలో పడుకుని ఉంది. ఆమెకు ఏమీ చెప్పలేదు.

డబ్బా పట్టుకుని పెరట్లోకి వెళ్ళాను. బతికున్న పీతల కాళ్ళు విరిచిన చేతులు ఇవి. ఎంతోసేపు పట్టలేదు. ఎలుక వెచ్చగా ఉంది. చేపయితే చల్లగా ఉంటుంది. గొయ్యి తీసి కప్పెట్టి, సబ్బుతో రెండుసార్లు చేతులు కడుక్కున్నాను. ఏడుపు రాలేదు. వస్తుందేమోనని కాసేపు అక్కడే నిలబడ్డాను.

పొద్దున్న పిల్ల జడ వేసుకుంటూ, నా వైపు చూడకుండా అడిగింది.

"ఎలాగ సేసేవ్?"

"మెడ కాడ పట్టి ఒక్కసారి లాగేను."

"మేవూ అంతే" అంది. చెప్పులేసుకుని బస్సుకి వెళ్ళిపోయింది.