ఇరవై బిందెల అబద్ధం

బెళుగుప్ప మండలంలో ఒక ఊరి చివర నలభై ఇళ్ల కాలనీ ఉంది. మొదటి ఇల్లు ఆంజినమ్మది. నలభై ఐదేళ్ల మనిషి, వేరుశనగ పొలాల్లో కూలి. కాలనీలో కొళాయిలు ఉన్నాయి గానీ వాటిలో నీళ్లు లేవు. బోరు ఎండిపోయాక రెండు రోజులకోసారి వచ్చే ట్యాంకరే దిక్కు.

మార్చిలో ఒక ఉదయం గ్రామ సచివాలయం నుంచి హేమావతి అనే అమ్మాయి ఫోన్ పట్టుకొని వచ్చింది. ఏ ఇంట్లో ఎన్ని నీళ్లు వాడుతున్నారో రాసుకోవడం ఆమె పని. ఆ రోజే ఆంజినమ్మ కొత్త కోడలు ఆశ్రితను చూసిపోదామని గార్లదిన్నె నుంచి ఆమె తల్లి పుష్పావతి వచ్చి, గడప దగ్గర కూర్చొని ఉంది.

"దినానికి ఎన్ని బిందెలు వాడతారక్కా? అందరూ దినామూ నీళ్లు పోసుకుంటారా?"

ఇంట్లో ఐదుగురు. వాడేది ఎనిమిది బిందెలు. స్నానం మూడు రోజులకోసారి. వియ్యపురాలు వింటుండగా ఆ మాట ఆంజినమ్మ నోట రాలేదు.

"దినామూ పోసుకుంటామమ్మా. ఇరవై రాసుకో."

పక్కింటి కృపాకుమారి గోడ మీది నుంచి తల పెట్టింది. "మాకూ ఇరవై రాయి పాపా. మేమేమన్నా గలీజు మనుషులమా."

ఆ తర్వాత ఎవరూ తగ్గలేదు. ఇంట్లో ఇద్దరే ఉన్న రంగన్న కూడా పదిహేను రాయించాడు.

బిందెకు పదిహేను లీటర్లు. ఇరవై బిందెలను ఐదుగురికి పంచితే తలకు అరవై. మనిషికి యాభై ఐదు చాలునన్నది సర్కారు లెక్క. ఏప్రిల్‌లో కాలనీకి నీళ్లు చాలుతున్నాయని ట్యాంకర్ ఆపేశారు. అంతదాకా వచ్చింది పదివేల లీటర్ల ట్యాంకరే. దాన్ని రెండు రోజులకు, నలభై ఇళ్లకు పంచి చూస్తే ఇంటికి ఎనిమిది బిందెలు దాటవు. ఆ చిన్న భాగహారం చేసిన అధికారి ఒక్కడు లేడు.

ఆడవాళ్లు సచివాలయానికి పోతే హేమావతి ఫోన్ చూపించింది. "మీరు చెప్పిందే కదక్కా నేను రాసింది. తప్పని మీరే చెప్పాల. శుక్రవారం సభకు సారు వస్తాడు."

"మొదుట చెప్పింది నువ్వే కదమ్మే," అంది కృపాకుమారి ఆంజినమ్మతో. "నిన్ను చూసే మేమూ చెప్తిమి."

ఆంజినమ్మ ఇంటికి వచ్చేసింది. రెండు కిలోమీటర్ల దూరంలో ఉన్న పొలం బోరు నుంచి ఆశ్రిత బిందె మోసుకొచ్చి దించినప్పుడు, మెల్లగా అంది: "మీ యమ్మ ముందర మానం పోతాదని అట్ల చెప్తినే."

"మా యమ్మకు తెలీదనుకుంటివా అత్తా? మా ఇంట్లోనూ మూడు దినాలకొకసారే."

శుక్రవారం సభలో ఆంజినమ్మ లేచి, స్నానాల లెక్క చెప్పాలంది.

"కూచో మే, మొగోళ్లుండారు. ఆ మాటలు ఈడ చెప్పేటివా," అన్నాడు రంగన్న.

"నువ్వు పదైదు బిందెలు పోసుకునేటోనివి, నువ్వు కూచోప్పా." కొందరు నవ్వారు. ఆమె నవ్వలేదు. అధికారి వైపు తిరిగింది. "సార్, నేను అబద్ధం చెప్పినా. మాకు వచ్చేది ఎనిమిది బిందెలు. మూడు దినాలకొకసారి టబ్బులో కూచోని పోసుకుంటా. ఆ నీళ్లలోనే గుడ్డలు జాడిచ్చి, అవే మరుగుదొడ్డికి పోస్తా. ముట్టయిన దినాల్లోనూ అంతే."

అధికారి కాగితంలోకి చూశాడు. కాసేపటికి కృపాకుమారి లేచి "మాకు ఏడే సార్" అంది. ఆ వెనక ఇంకొకామె. చివరికి రంగన్న కూర్చున్న చోటి నుంచే "మూడు" అన్నాడు.

తలకు ఇరవై నాలుగు లీటర్లని తిరగరాశారు. ఇంత తక్కువతో మనుషులు ఎట్లా బతుకుతున్నారని సభలో ఆ అధికారి అడగలేదు. పది రోజులకు ట్యాంకర్ వచ్చింది, ముందు వచ్చినన్ని నీళ్లతోనే.

వీధంతా బిందెలతో ఉరికింది. ఆంజినమ్మ మాత్రం తలుపు దగ్గరకు వేసుకొని లోపలే ఉంది.

"రా అత్తా, మన వంతు వచ్చె," పిలిచింది ఆశ్రిత.

"నువ్వు పట్టుకో పా. నా నీళ్ల సంగతి ఊరంతటికీ తెలిసిపాయ. వాళ్ల మొగాలు యెట్ల చూసేది."