కరుప్పన్ వాటా మిఠాయి

నాచిముత్తు పొద్దున్నే కుర్చీలో కూర్చోగానే కంప్యూటర్ అంచుకు చిటికెడు విభూతి రాసి, "కరుప్పన్ గారూ, రాత్రంతా మెలకువగానే ఉన్నారా?" అని అడుగుతాడు. తెర మీద పచ్చచుక్క వెలుగుతుంటే ఉన్నట్టే. ఆ తర్వాతే కాఫీ.

కోయంబత్తూరులో మాది నీటి పంపులు తయారుచేసే కంపెనీ. పంపులతో పాటు ఇచ్చే వాడకం పుస్తకాలు నేను రాస్తాను. క్లౌడ్‌లో కంపెనీకున్న ఖాతాలన్నీ చూసేది నాచిముత్తు. కొత్తగా చేరినవాళ్లకు ఆ ఖాతాల సంగతి ఆయన చెప్పే తీరు వేరు.

"ఉమ్మడి ఇల్లు అనుకోండి అమ్మణీ. పైన పెద్దాయన. ఆయనది మూలఖాతా. కొనాలన్నా, పంచాలన్నా, ఇల్లే కూల్చాలన్నా ఆయన చేతిలో పని. కింద ముగ్గురు కొడుకులకు మూడు వాటాలు. ఫౌండ్రీ, మోటార్లు, ఎగుమతులు. ఒకరి వంటింట్లో ఇంకొకరు గరిటె పెట్టకూడదు. ఆ వాటాల్లో మనలాంటి మనుషుల ఖాతాలు. వాటికి విడిగా ఇంకో వరుస, ప్రోగ్రాములకిచ్చే ఖాతాలు. వాళ్లు మనుషులు కారు. నిద్ర లేదు, అలక లేదు."

"మరి మీరెవరండీ?"

"ఇంట్లో మకాం వేసిన మేనమామని. పెత్తనమంతా నాదే, ఆస్తి మాత్రం అడక్కండి."

పెద్దాయన అంటే మా యజమాని రంగసామి అయ్యగారు. మూలఖాతా తెరవాలంటే రహస్యపదం కొట్టి, పెన్‌డ్రైవ్ లాంటి వేలెడంత తాళం ఒకటి కంప్యూటర్‌కు గుచ్చాలి. ఆ తాళాన్ని ఆయన ఇనప్పెట్టె తాళాల గుత్తితో కలిపి మొలతాడుకు కట్టుకున్నారు. ఇంటి తాళాలు ఇంకెక్కడుంటాయి?

కరుప్పన్ పొలిమేరలో కావలి కాసే దేవుడు. తయారైన సరుకు వివరం గేటుకు చేరవేసి, లారీలకు చీటీలు ముద్రించే ప్రోగ్రాముకు ఖాతా కావలసి వచ్చినప్పుడు నాచిముత్తు దానికి ఆ స్వామి పేరే పెట్టాడు. అంతవరకు బాగానే ఉంది. తొందరలో దాన్ని ప్రోగ్రాముల వరుసలో కాక మనుషుల వరుసలో తెరిచాడు. అక్కడ తండ్రి పేరు మొదటి అక్షరం అడిగింది. తన తండ్రిదే ఇచ్చాడు. విభాగం అడిగితే "కావలి" అన్నాడు.

ఆ దీపావళికి మనుషుల ఖాతాలను బట్టి మిఠాయి పెట్టెలు వచ్చాయి. కరుప్పన్ పేరిటా ఒకటి వచ్చింది. నాచిముత్తు దాన్ని తిప్పి పంపుదామనే అనుకున్నాడు. మూత తీసి మైసూరుపాకు చూశాక ఆ ఆలోచన మానుకున్నాడు. ప్రసాదమని మాకూ తలో ముక్క పెట్టాడు. ఆపైన ఏటా అదే ఆచారమైంది.

నిరుడు చెన్నై నుంచి మృదుల వచ్చింది, సిబ్బంది వ్యవహారాల అధికారిగా. పనిలో లేనివాళ్ల ఖాతాలు ఏరివేయడం మొదలుపెట్టింది. ఒకరోజు నేరుగా నాచిముత్తు బల్ల దగ్గరకు వచ్చి నిలబడింది.

"అన్నా, ఈ కరుప్పన్ ఎవరు? ఒక్క సెలవు పెట్టలేదు. క్యాంటీన్‌లో ఒక్క ఇడ్లీ తిన్న దాఖలా లేదు. ఎన్ని మెయిళ్లు పెట్టినా పలకడు."

"ఆయన పలకరండీ. పని చేస్తారంతే."

"తండ్రి పేరు అక్షరం మీదే. మీ తమ్ముడా?"

"మా కులదైవమండీ."

అందరం నవ్వాం. ఆమె నవ్వలేదు.

"మరి ఆ దైవం పేరిట వచ్చిన మిఠాయి పెట్టె సంతకం పెట్టి తీసుకున్నదెవరు?"

మైసూరుపాకు తిన్నవాళ్లమంతా ఎవరి తెరలోకి వాళ్లం తొంగిచూశాం.

"లేని మనిషిని చూపించి కంపెనీ సొమ్ము తింటున్నారు. రేపు పెద్దాయన ముందు తేల్చండి, లేదంటే ఉద్యోగం వదులుకోండి. అందాకా ఇద్దరి ఖాతాలూ ఆపుతున్నాను" అని ఆమె చేతిలోని ల్యాప్‌టాప్‌లో అక్కడికక్కడే రెండు మీటలు నొక్కింది. పచ్చచుక్క ఆరిపోయింది.

రేపటిదాకా ఆగనక్కర్లేకపోయింది. సాయంత్రానికి గేటు దగ్గర లారీలు బారులు తీరాయి. చీటీలు రావడం లేదు, కరుప్పన్ ఖాతా ఆగిందన్న మాటే గేటు తెర మీద వస్తోంది. హారన్ల మోతలో మృదుల పరుగెత్తుకొచ్చింది.

"అన్నా, ఆ కరుప్పన్‌ని మళ్లీ తెరవండి!"

"ఎలా అమ్మణీ? నా ఖాతా కూడా ఆపారు కదా."

"నేను తెరవబోతే అనుమతి లేదంటోంది!"

"మీకు సాగనంపే అధికారమే ఇచ్చానండీ, వెనక్కి పిలిచేది ఇవ్వలేదు. ఇప్పుడు మనిద్దరం వీధిలోనే. ఇంట్లో ఉన్నది పెద్దాయన ఒక్కరే."

పెద్దాయనకు కబురు వెళ్లింది. పంచె బిగించుకుంటూ వచ్చారు.

"అయ్యా, ఆ తాళం ఒకసారి ఇవ్వండి."

"మొలతాడు విప్పమంటావా? అది నేను పోయిన రోజు తెంపుతార్రా."

తాళం ముడి చూస్తే ఏళ్ల తరబడి చెమటకు బిగిసిపోయింది. కత్తెర తెస్తానన్న వాణ్ణి పెద్దాయన చూపుతోనే కూర్చోబెట్టారు. చివరికి ఆయన్నే బల్లకు ఆనించి నిలబెట్టి, నాచిముత్తు కంప్యూటర్‌ను ఎత్తి ఆయన పొట్ట కిందికి జరిపాడు.

"ఊపిరి బిగపట్టండయ్యా... వద్దు, వదిలేయండి, తాళం వెనక్కి పోతోంది."

"తొందరగా కానీరా, గిలిగింతలు పెడుతోంది!"

తాళం దిగింది. రహస్యపదం కోసం పెద్దాయన అందరినీ గోడవైపు తిరగమన్నారు. తిరిగాం. ఆయన ఒక్కొక్క అక్షరమూ పైకి చదువుతూ కొట్టారు.

మూలఖాతా తెరుచుకుంది. నాచిముత్తు చెబుతుంటే ఆయన నొక్కారు. పచ్చచుక్క వెలిగింది, గేటు దగ్గర చీటీ ముద్రించిన చప్పుడు వినిపించింది. తాళం ఇంకా గుచ్చుకునే ఉంది కాబట్టి పెద్దాయన కదల్లేక, విచారణ అక్కడే మొదలుపెట్టారు.

"స్వామి మిఠాయి తిన్నావా?"

"తిన్నానండయ్యా. అందరికీ పెట్టి తిన్నాను."

"నాకు పెట్టలేదేం?"

"మీకు చక్కెర జబ్బు కదండయ్యా."

"అదీ నిజమే. కానీ స్వామిని మనుషుల పంక్తిలో ఎందుకు కూర్చోబెట్టావురా? తీసుకెళ్లి ఆయన చోట ఆయన్ని నిలబెట్టు. నీ కుర్చీలో నువ్వు కూర్చో."

మృదుల మెల్లగా అంది, "మనిషి కాదని ముందే చెప్పుంటే సరిపోయేదిగా అన్నా."

"చెప్పానండీ. మీరే తమ్ముడన్నారు."

మర్నాడు పెద్దాయన రహస్యపదం మార్చుకుని, మూలఖాతాకు రెండో తాళం చేయించారు.

నాచిముత్తు ఇప్పటికీ అదే కుర్చీలో ఉన్నాడు. రెండో తాళం ఈ మేనమామ మొలతాడుకు వేలాడుతోంది. దీపావళికి ఆయనకు ఒక్క పెట్టే వస్తుంది.