ఈనిడ్ ఇంటి అటకలో పిట్టలు

రాచ్‌డేల్ ఊళ్ళోని వరుస ఇళ్ళలో, ఒక జూన్ నెలలో ఇంటికప్పులు బాగుచేసే క్లఫ్ ముసలి ఈనిడ్ ఇంటికి నిచ్చెన వేస్తే, ఆమె వెళ్ళి దాని మొదటి మెట్టు మీదే కూర్చుంది.

"పెంకుల కింద తారుపట్టా చిరిగి వేలాడుతోందమ్మా. అటకంతా కుళ్ళిపోతుంది," అన్నాడు క్లఫ్.

"ఆ చిరుగులో నల్లపిట్టలు గూడు కట్టాయి. పిల్లలు ఎగిరేదాకా ముట్టుకోకూడదని చట్టం. నిచ్చెన తీస్తావా, పోలీసుని పిలవమంటావా నాయనా?"

క్లఫ్ సణుక్కుంటూ వెళ్ళిపోయాడు. పక్కింటి మేవిస్ పగలబడి నవ్వింది.

భర్త పోయాక ఈనిడ్‌కు ఆ ఇంట్లో తోడు ఆ పిట్టల చప్పుడే. మేలో వచ్చి ఆగస్టులో వెళ్ళిపోయేవి. మళ్ళీ వస్తాయని ఏటా చిరుగును అలాగే వదిలేసి, కింద తొట్టి పెట్టి, వాన పడ్డప్పుడల్లా మోకాళ్ళు పట్టుకుని అటకెక్కి నీళ్ళు పారబోసేది. సాయం అడగడానికి మాత్రం నోరు రాదు.

ఈ జూలైలో ఆసుపత్రి పాలైంది. ఇక ఇంటికి రానని ఆమెకు తెలుసు.

"ద్రాక్షపళ్ళు తెచ్చానే," అంది మేవిస్.

"దార్లో సగం మింగే ఉంటావు." ఆ తర్వాత ఈనిడ్ ఆమె చెయ్యి పట్టుకుంది. "నన్ను మట్టిలో పెట్టే రోజు వాన పడితే చర్చికి రాకే. మా ఇంటి అటకెక్కి తొట్టి పారబొయ్యి. నీళ్ళు కిందికి కారాయంటే, ఇల్లు చేతికొచ్చే మా అన్నకొడుకు వెంటనే పట్టా మార్పించేస్తాడు. గూట్లో పిల్లలింకా ఎగరలేదు."