సున్నా దగ్గర పట్టిన టేపు

సోమవారం. తెల్లవారింది మొదలు తుంపర. పుంగనూరులో మా మిద్దె మీది నీళ్ల తొట్టి కడిగినాను. రోజూ నోటుబుక్కులో ఇట్లా వానా ఎండా, చేసిన పనీ రాసుకుంటాను. ఆ రోజు అంతవరకు రాసేసరికి కుప్పం నుంచి అన్న ఫోను చేసినాడు. "మీ వదిన పోయిందిరా. నిద్రలోనే."

మీలో కొందరికి ఆమె కుప్పంలో ఆడపిల్లల బడి డ్రిల్లు టీచరుగా తెలిసి ఉంటుంది. నాకు డిస్కస్ విసిరే వదిన. పెళ్లయి మా ఇంటికి వచ్చినప్పుడు ఆమె పెట్టెలో చీరల కింద ఒక డిస్కస్, పళ్లెంలాంటి బరువైన బిళ్ల, ఉండింది. మా అమ్మ దాన్ని అటూ ఇటూ తిప్పి, "మా ఇంట్లో ఉండే పళ్లేలు సాలవా తల్లీ?" అనింది.

వదిన నవ్వింది. "ఇది తోమే పన్లేదత్తా. ఇసిరేదే."

అమ్మ ఒక షరతు పెట్టింది. మదనపల్లె పోటీల్లో రాష్ట్రానికి ఎంపికైతే సరే, కాకుంటే ఆట చాలించాలి. వదిన ఒప్పుకుంది. ఎంపికకు ఎంత దూరం పడాలో ముందే చెప్పి ఉన్నారు.

పొద్దున్నే ఊరి బయట బీడులో సాధన. ఆమె నేల మీద గీసిన రింగులో నిలబడి విసురుతుంది. డిస్కస్ పడిన చోట నేను టేపు కొస పట్టుకుంటాను. రింగు దగ్గర అన్న అంకె చూసి అరుస్తాడు, నేను రాసుకుంటాను. విసిరినాక అది నేలన పడేదాకా ఆమె రింగులో నుంచి కదిలేది కాదు. పడినాక వెనకవైపు నుంచే బయటికి నడిచేది. "యాల వదినా, ఇట్ల ముందుకే రావచ్చు గదా?" అని అడిగినాను ఒకసారి.

"ముందుకొస్తే ఇసిరింది లెక్కకు రాదప్పా. దాని పని అయ్యేదాకా మనం ఆగాల."

నేను మేస్త్రీని. బడికి పోయింది తక్కువ, పనైనా రాతైనా చూసి నేర్చుకున్నదే. టేపు కొస తెగితే మా వాళ్లు పారేయరు. ఒక మీటరు గీత దగ్గర పట్టి కొలిచి, వచ్చినదాంట్లో ఒకటి తీసేస్తారు. బీడుకు నేను తెచ్చింది అట్లాంటి టేపే. మీటరు గీత దగ్గరే పట్టినాను. ఒకటి తీసేయడం మరిచినాను. గోడ కట్టేటప్పుడు ఎన్నడూ మరవలేదు. ఇక్కడ నా కళ్లు ఆకాశంలో ఉండినాయి. ఆఖరి నెలలో నా నోటుబుక్కు ప్రకారం ఎంపిక దూరం దాటేసింది. ఆ ధీమాతో ఆమె బరువులెత్తడం తగ్గించింది.

మదనపల్లెలో మీటరు కంటే కాస్త తక్కువ తేడాతో ఎంపిక తప్పిపోయింది. అక్కడివాళ్లు టేపు కొసను నేలకు ఆనించినప్పుడు చూసినాను. సున్నా. నేను ఒకటి తీసేయని సంగతి అప్పుడు గుర్తొచ్చింది.

ఇంటికి రాగానే వదిన డిస్కస్‌ను పాత చీరలో చుట్టి పెట్టెలో పెడుతూ ఉంది. నేను ఇంట్లో నోరు తెరిచేది తక్కువ. ఆ పూట అమ్మ ముందర నిలబడినాను. "తప్పు నాదిమా. నెలల తరబడి మీటరు ఎక్కువ రాసినా. వదినకు తెల్దు."

అన్న నన్ను ఎగాదిగా చూసినాడు. "నువ్వు కట్టిన గోడలు ఎట్ల నిలబడుండాయిరా?"

అమ్మ పెట్టె వైపు చూసింది. తర్వాత, "వీడి తప్పుకు ఆ పిల్ల యాల మానుకోవాల? ఇంగో ఏడాది ఇసరనీ," అనింది.

వదిన పెట్టెలో నుంచి డిస్కస్ బయటికి తీసింది. "మీటరే గదప్పా. రేపట్నుంచి సున్నా కాడ పట్టు."

కొత్త టేపు కొన్నాను. మరుసటి ఏడు అదే మదనపల్లెలో ఆ మీటరూ దాటింది, ఇంకా ముందుకూ వేసింది. రాష్ట్ర పతకాలు వచ్చినాయి. ఆ పతకాల మీద కుప్పంలో ఉద్యోగం వచ్చింది. భుజం సహకరించక ఆట మానిన నాడు నేను దిగులుపడితే, "నా భుజం ఒగటే గదా పోయింది. ఈడ పిల్లోల్లవి ఎన్ని భుజాలుండాయో సూడు," అనింది. ఏ పిల్లయినా దూరం పెంచి చెప్పుకుంటే ఆమె నోట ఒకటే మాట: "సున్నా కాడ పట్టి చెప్పమ్మా."

బుధవారం. ఎండ. నిన్ననే మట్టి చేసినాము. పొద్దున్నే కుప్పం గ్రౌండుకు పోయినాను. మదనపల్లెలో ఎంపికలు ఎల్లుండి. పిల్లలు రింగు చుట్టూ ఊరికే నిలబడి ఉన్నారు. అందరిలోకి పెద్దపిల్ల నా దగ్గరికి వచ్చింది. "మేడమ్ ఒక్క పొద్దు కూడా నాగా పెట్టలేదు తాతా. టేపు పడతావా?"

నేను గ్రౌండు చివరకు నడిచినాను. డిస్కస్ లేచింది, ఎండలో ఒక్కసారి మెరిసింది, దూరంగా దిగింది. అంతవరకు ఆ పిల్ల రింగులో కదలలేదు. తర్వాత వెనకవైపు నుంచి బయటికి నడిచింది. నేను వంగి, మట్టిలో పడిన గుర్తుకు సున్నా ఆనించి, "సున్నా కాడ పట్టినా, అంకె సూడమ్మా," అని అరిచినాను.