నా కొడుక్కి కొన్న ఫ్రాన్సు ఎర్ర వైన్

నా కొడుకు చనిపోయి ఈ రోజుకు ఏడాది. హైదరాబాద్ హోటల్లో డబ్బున్నవాళ్లకు ఫ్రాన్సు ఎర్ర వైన్ పోసేవాడు. తను ఒక్క గ్లాసు కూడా తాగలేదు. మా దుమ్ముగూడెం వైపు చనిపోయినవాళ్లకు సమాధి మీద ఇప్పపూల సారా పోస్తాం. వాడికి ఆ వైనే పోద్దామని పొద్దున్నే ఖమ్మం వెళ్లాను.

దుకాణం అతను బంగారు అక్షరాల సీసా చూపించాడు. "మెరుపుకు పైసలు పెట్టొద్దమ్మా, ద్రాక్షతోటోళ్లే సీసాల నింపిండ్రా లేదా చూడాలె" అని నా కొడుకు చెప్పేవాడు. సీసా మీద ఆ ముక్క ఫ్రెంచిలో ఎలా రాసి ఉంటుందో ఫొటో కూడా పంపాడు. ఆ భాష రాని నేను అక్షరం అక్షరం ఫొటోతో పోల్చి, తక్కువ ధరది ఇంకోటి తీశాను.

"ఎవరికమ్మా?" అన్నాడు దుకాణం అతను.

"నా కొడుక్కు."

"తాగుడు మాన్పియ్యాల్సింది పోయి నువ్వే కొనిస్తున్నవా?"

"ఈ ఒక్కసారికే బిడ్డా" అన్నాను.

సాయంత్రం సమాధి మీద పోశాను. తెలిసినవాళ్లు చెప్పండి, ధరకు తగినదే తెచ్చానా? వాడైతే ఏమీ అనలేదు.