మొవ్వు పచ్చగా ఉందా

మా పుట్టింటివాళ్లది రాజాం దగ్గర మెట్ట భూమి. గులకరాళ్ల ఎర్రనేల. అందులో చోళ్లు, ఉలవలు, చెరువు కింద కాస్త వరి పండించి బతికినవాళ్లం కాబట్టి, చెడ్డ నేల గురించి నాకెవరూ చెప్పనక్కర్లేదని ఒక పొగరు ఉండేది. పెళ్లై నౌపడ వైపు వచ్చాక కూడా ఆ పొగరు ఏడాదిన్నర బాగానే నిలబడింది. తర్వాత పది రోజుల్లో దిగిపోయింది.

అత్తవారి పొలం ఉప్పుటేరుకు దగ్గర. మూడు వైపులా రొయ్యల చెరువులు వచ్చేశాయి. ఎండాకాలం ఆ మళ్లలో నడిస్తే తెల్లటి పొర కాళ్ల కింద చిటచిటలాడుతుంది. నేలలో సత్తువ కూడా అంతంతమాత్రమే. అందుకని మా మావగారు ఏటా తొలకరికి పచ్చిరొట్ట ఎరువుకని జీలుగ చల్లి, అది నడుమెత్తు పెరిగాక బురదలో తొక్కించేవారు. నారు నలభై రోజులు ముదిరేదాకా పీకనిచ్చేవారు కారు. అంత ముదర నారు చూస్తే మా వైపు నవ్వుతారు. కుదురుకి ఆరేసి పోచలు పెట్టించేవారు. పసినారు ఉప్పుకి తాళలేదని, ఆరింట్లో రెండు పోయినా నాలుగు నిలుస్తాయని ఆయన ధీమా.

ఆయన వేసేది ఒక్క పాత రకం ధాన్యమే. పొడుగు గడ్డి, ఎర్ర గింజ. దుకాణాల్లో దొరకదు, చుట్టుపక్కల అందరూ మానేశారు. నేను చెప్తున్న ఏడాదికి ముందటేడు కోతల వేళ వానకి తడిసి పనలు మొలకెత్తిపోయాయి. బాగున్న గింజలు ఏరి మొత్తం నారు పోసేశాం. కుండలో పిడికెడు కూడా మిగల్లేదు. ఆ మడి పోతే ఆ విత్తనం పోయినట్టే. ఈ సంగతి నాకు తెలియక కాదు.

ఉభాలు, అంటే నాట్లు, అయిన మూడు వారాలకు మావగారికి కంటి ఆపరేషను కుదిరింది. ఆమదాలవలసలో ఉంటున్న మా ఆడపడుచు వచ్చి తీసుకెళ్లింది. అత్తగారు లేరు. మా ఆయన టెక్కలిలో ఒక షాపులో పని చేస్తారు, పొద్దున వెళ్తే సాయంత్రానికి గాని రారు. మడి నాకు అప్పజెప్పి, చూస్తూ ఉండమని మాత్రం చెప్పి మావగారు రైలెక్కారు.

నాలుగో రోజుకి ఆకులు పసుపు తిరిగాయి. మా నాన్నైతే ఏం చేసేవాడో నాకు తెలుసు. నీరు తీసేసి, నేల సన్నగా నెర్రె విచ్చేదాకా ఆరబెట్టి, యూరియా చల్లి మళ్లీ నీరు పెట్టేవాడు. మావగారు గండి కొట్టడం కూడా నేను చాలాసార్లు చూశాను. గొడుగేసుకుని, జోరు వానలో, పోటు తగ్గి ఏరు తీసి ఉన్న వేళ చూసుకుని మరీ వెళ్లేవారు. ఆ పనేదో ఎండ కాసినప్పుడు చెయ్యొచ్చు కదా, ఈ ముసలాయనకి తడవడమంటే సరదా అనుకునేదాన్ని. పైన తీపినీరు పడుతుండగానే కింద ఉప్పునీరు పోవాలని, మడి ఒక్క పూట కూడా పొడిగా ఉండకూడదని నాకు తట్టలేదు. అడిగి తెలుసుకునే అలవాటు నాకు మొదట్నుంచీ తక్కువ. పార పట్టుకెళ్లి గండి కొట్టేశాను. ఎండ బాగా కాస్తోందని సంతోషించాను కూడా.

మూడో రోజుకి నేల నెర్రె విచ్చింది. నెర్రెల అంచుల వెంబడి ఉప్పు తెల్లగా పైకొచ్చింది. ఆరుతున్న నేల అడుగున ఉన్న ఉప్పునంతా పైకి లాగేసిందని అప్పుడర్థమైంది. ఆకుల కొసలు మాడుతున్నాయి. చేతులు కాలాక ఆకులు పట్టుకున్నట్టు పరుగెత్తి గండి పూడ్చాను. పూడ్చి ఏం లాభం, పెట్టడానికి నీరేదీ? వాన జాడ లేదు. ఏటి నీరు పెడితే చేజేతులా చంపినట్టే.

రెండు రోజులు ఎవరికీ చెప్పలేదు. ఆ కంగారులో పప్పులో ఉప్పు వెయ్యడం మరిచిపోయాను. చప్పగా ఉందని మా ఆయన అంటే నాకు ఏడుపొచ్చింది. పప్పుకే ఏడుస్తావా అని ఆయన నవ్వారు.

మావగారు నల్లద్దాలతో తిరిగొచ్చారు. తల దించకూడదు, కంట్లో నీరు పడకూడదని డాక్టరు గట్టిగా చెప్పారట. రెండో కన్ను ముందునుంచీ మసకే. ఆయన మంచం మీద కూర్చోగానే జరిగిందంతా చెప్పేశాను. ఆయన నల్లద్దాలు సరిచేసుకున్నారు. తిట్టినా బాగుండేది. లేచి చెయ్యి చాపారు. మావగారి చెయ్యి పట్టుకుని నడిపించడం అదే మొదటిసారి. తీసుకెళ్లి గట్టు మీద నిలబెట్టాను గాని, ఆయనకి మడి అంతా ఒకటే మసకగా ఉంది.

"ఓ కుదురు పట్టి సూడమ్మా. ఎండినవి అడుగాకులా, మొవ్వా?"

దిగి చూశాను. చుట్టూ ఆకులు ఎండుగడ్డిలా ఉన్నాయి. వాటిని విడదీస్తే నడిమధ్య సన్నగా, సూదిలాగా ఒక ఆకు.

"మొవ్వు పచ్చగానే ఉన్నాది మావా."

"అయితే సావలేదు. ఎక్కిన ఉప్పంతా ముసలాకులు తమలో దాసుకుంతాయి. మొవ్వు దాకా పోనీవు. అవి ఎండినాయని నువ్వు బయపడక."

మిట్ట మీద కుదుళ్లు మొవ్వుతో సహా పోయాయి. పల్లంగా ఉన్న ఒక మూల మాత్రం బతికి ఉంది. ఊరి వైపు ఇసకదిబ్బలో తీపినీటి నేలబావి ఉంది. ఐదు రోజులు అక్కడినుంచి బిందెలతో ఆ మూలకి నీరు మోశాను. ఆయన గొడుగేసుకుని గట్టు మీద కూర్చునేవారు. మధ్యమధ్య మడిలో నీరు వేలితో నాలుక మీద వేసుకోమనేవారు. ఇంకా ఉప్పగానే ఉందంటే, ఇంకో రెండు బిందెలు తెమ్మనేవారు. నడుం విరిగిపోయేది. అయినా ఆ ఐదు రోజులూ నాకు అయినవాళ్ల ఇంట్లో ఉన్నట్టనిపించింది. ఆరో రోజు వాన పట్టింది. ఆయన ఇంట్లోంచే కేకేసి, ఇప్పుడు వెళ్లి కొట్టమన్నారు గండి. తడుస్తూ నవ్వుకుంటూ కొట్టాను.

ఆ మూల పండింది. రెండు బుట్టల విత్తనం వచ్చింది. కోతలయ్యాక తండ్రీకొడుకులు భోజనానికి కూర్చున్నప్పుడు, మడంతా పోయి మూల ఒక్కటే పండిందేమని, అన్నాళ్లూ పొలం వైపు తొంగిచూడని మా ఆయన అడిగారు.

మావగారు తల ఎత్తకుండా, ఊరెళ్లే ముందు గండి కొట్టమని కోడలికి తనే చెప్పానని, ముసలి బుర్ర పని చెయ్యలేదని అన్నారు. కంటికి చేసిన డాక్టరు బుర్రకి కూడా చేసి ఉంటే బాగుండేదని మా ఆయన నవ్వారు. నలభై ఏళ్లుగా నీటి సంగతి వస్తే ఊరంతా వచ్చి అడిగే మనిషి, ఆ మాట పడి అన్నం కలుపుకుంటున్నారు. నేను తట్టుకోలేకపోయాను.

"మావ సెప్పలేదు. నానే కొట్టీసినాను."

మా ఆయన చెయ్యి కంచంలోనే ఆగింది. మావగారు మాత్రం మజ్జిగ పొయ్యమని కంచం ముందుకు జరిపారు.

"వచ్చే ఏడు నారు నువ్వే పొయ్యమ్మా," అన్నారు. "ఆ ఇత్తనం నీది."